చెంగమ్మత్త చెప్పనన్న మాట

మా ఊర్లో ఎవురికైనా రెండు పొద్దులు జరం దిగకపోతే గాలి సోకిందంటారు. వేపమండ పట్టుకోని ఒక ముసలాయన కడకి పోతారు. నేను మాత్రం ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ పక్కకి పోలేదు. పదో తరగతిలోనే మా అమ్మతో కొట్లాడి, చేతికి కట్టిన తాయెత్తు తెంపి పెరట్లో పారేసినా. ఇంజినీరింగు చేరినాక ఇంక చెప్పక్కర్లేదు. ఇట్లాంటి అనుభవాలు ఎవురైనా రాస్తే హాస్టల్లో పైకి చదివి అందరమూ నవ్వేవాళ్ళం. రాసినోళ్ళు నన్ను మన్నించాల. ఈ పొద్దు నేనే రాస్తాండా.

అది చెప్పేముందు నా సంతోషం చెప్పేస్తా. లేకపోతే నాకు కడుపుబ్బరం పట్టుకుంటాది.

మా ఇంట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేను. మా నాయన ఏడో తరగతితో ఆపేసినాడు. మా అమ్మ బడి మొగమే చూళ్ళేదు. మాది సత్యవేడు దగ్గిర పల్లె. అంగట్లో సగం తెలుగు, సగం అరవం మాట్లాడే ఊరు. ఆడ్నుంచి తిరుపతికి పోయి చదివినా. చదువు అయిపోతానే నేనూ, నా క్లాస్‌మేటు గిరీ కలిసి ఒక యాప్ చేసినాము. పేరు ‘మాట కలుపు’. మొన్ననే మా తట్టు ఉండే ఒక ఫ్యాక్టరీ వాళ్ళు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వాళ్ళ పనోళ్ళందరికీ దాన్ని పెట్టిస్తామని కాయితం ఇచ్చినారు. కాయితం అంతా ఇంగ్లీషు. అయినా మా నాయన దాన్ని రెండు పక్కలా తిప్పి తిప్పి చూసి, బీరువాలో పట్టుచీర కింద పెట్టించినాడు. ఊర్లో ఇప్పుడు నన్ను చూస్తే ‘ఏమ్మే, కంపినీ’ అని పిలస్తా ఉండారు. ఎగతాళి అనుకుంటారు వాళ్ళు. నాకు మాత్రం భలే ఉండాది.

ఆ యాప్ గురించి రొంత చెప్పాల. జరిగిందంతా దాంట్లోనే జరిగింది కాబట్టి.

ఫ్యాక్టరీలు వచ్చినాక మా పక్క ఒడిశా పిలకాయలు, బీహారు పిలకాయలు, తమిళనాడు నుంచి వచ్చినోళ్ళు రూములు తీసుకోని ఉండారు. ఒక పొద్దు మా వీధి అంగట్లో ఒక ఒడిశా అబ్బాయి నిలబడి, ఫోన్లో నేర్చుకున్న తెలుగుతో, ‘అయ్యా, దయచేసి నాకు కొంచెం ఉప్పు ఇవ్వగలరా’ అన్నాడు. అంగడాయన ఆ పిల్లోడు నాటకంలో వేషం కట్టి వచ్చినాడనుకోని పడీ పడీ నవ్వినాడు. పాపం ఆ అబ్బాయి మొగం ఎర్రగా అయిపోయింది. ఉప్పు తీసుకోకుండానే పోయినాడు. అప్పుడు పుట్టింది నాకు ఈ ఆలోచన. మేము మాట్లాడుకునే తెలుగు మాట్లాడించే యాప్ ఒకటి ఉండాలని.

మా దాంట్లో ఒక గొంతు మాట్లాడతాది. నేర్చుకునేవాళ్ళు దానికి నోటితో జవాబు చెప్పాల. ఫోను ఆ జవాబు విని, సరిగ్గా ఉంటే తరవాతి మాటకి పోతాది. లేకపోతే ‘ఏమీ? మళ్ళా చెప్పు’ అంటాది. అంతే.

ఒక్క సంగతి మాత్రం బాగా గుర్తు పెట్టుకోండి. ఈ యాప్ తనంతట తాను ఒక్క మాట కూడా పుట్టించలేదు. ఈ మధ్య మిషనే మనిషి గొంతు తయారుచేసేవి వచ్చినాయి గదా, అవి మేమూ చూసినాము. వాటికి మా యాస రాలేదు. టీవీ వార్తల మాదిరి చదివినాయి. వద్దనుకోని, మనిషి కూసోని చెప్పిన మాటల్ని ముక్కలు ముక్కలుగా ఫోన్లో పెట్టినాము. యాప్ వాటిల్లో ఒకటి తీసి వినిపిస్తాది. పాతకాలం క్యాసెట్టుకీ దీనికీ తేడా ఏమీ లేదు. ఆ ముక్కలు ఫోన్లోనే ఉంటాయి, నెట్ కూడా అక్కర్లేదు.

గొంతు ఎవురిది పెట్టాల అని నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మా చెంగమ్మత్త.

చెంగమ్మత్త మా నాయనకి అక్క. పిలకాయలు లేరు. నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చేసింది. నన్ను పెంచింది అమ్మ కంటే ఆమే ఎక్కువ. ఆమె నోరు మూతపడి ఉండగా నేను చూసిందే లేదు. కోళ్ళతో మాట్లాడతాది, పొయ్యితో మాట్లాడతాది, టీవీలో వార్తలు చదివే ఆమె ప్రశ్న వేస్తే దానికి జవాబు చెప్తాది. సత్యవేడు బస్సులో కండక్టర్లకి నా పేరు తెలీదు, ‘చెంగమ్మ మేనకోడలు’ అంటే తెలస్తాది. నన్ను ఇంటర్‌తో ఆపేస్తానని మా నాయన అంటే, వీధిలో నిలబడి ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. పక్కిళ్ళ వాళ్ళు తలుపులు తీసి చూసినారు. సిగ్గు తట్టుకోలేక మా నాయన నన్ను తిరుపతికి పంపించినాడు. ఈ మాట ఆయనే చెప్తాడు.

రికార్డింగు మా ఇంట్లోనే చేసినాము. స్టూడియోలు మాకు యాడివి? మా ఇంటి ఎనక రూములో వడ్ల బస్తాలు పేర్చి ఉంటాయి. ఆ బస్తాల నడమ కూసుంటే బయటి చప్పుడు రాదు, గొంతు తిరిగి మోగదు. గిరి తిరుపతి నుంచి మైకు తెచ్చి, అత్తని బస్తాల మధ్యలో కూసోబెట్టినాడు. ఆమెకి భలే సరదా. ‘నా గొంతు ఒడిశా దాకా పోతాదా?’ అని అడిగింది. బస్సు పాఠం, అంగడి పాఠం, ఇంటికి చుట్టాలొచ్చిన పాఠం, అన్నీ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నడమ నడమ మా డైలాగులు బాగలేవని ఆమే మార్చేసింది.

‘బయటికి పోయేటప్పుడు’ అనే పాఠం కాడ ఆగిపోయింది.

దాంట్లో మొదటి మాట ‘యాడికి పోతాండావు?’ గిరి రాసినాడు. ఏ దేశంలో ఏ భాష నేర్పించినా ఆ ప్రశ్న ఉండాల గదా, దాంట్లో తప్పేముందని వాడి లెక్క. వాడిది తిరుపతి టౌను. అపార్ట్‌మెంటులో పెరిగినాడు.

మా పల్లెల్లో ఇంట్లోనుంచి బయల్దేరి గడప దిగేవాళ్ళని ‘యాడికి’ అని అడగరు. అడిగితే పోయే పని కాదంటారు. ఎవురైనా మరిచిపోయి అడిగేస్తే, పోయేవాళ్ళు ఎనక్కి తిరిగొచ్చి, కూసోని, ఒక గుక్క నీళ్ళు తాగి మళ్ళా బయల్దేరతారు. తెలుసుకోవాలని ఉంటే ‘ఎందాకా?’ అని అడగాల. రోడ్డు మీద కనిపించినోళ్ళని మాత్రం ‘యాడికి’ అని అడగొచ్చు, తప్పులేదు.

గిరి ఎంతో బతిమాలినాడు. ఇది ఉత్త పాఠం అత్తా, ఈడ ఎవురూ గడప దిగడం లేదు, మిషను కోసం చెప్పేదే గదా అన్నాడు.

అత్త మైకు పక్కకి జరిపేసింది. “ఆ మాట నా నోట్లో రాదు నాయనా. మిషన్లో పెడితే మాత్రం? వినేవాళ్ళలో ఎవురో ఒకరు బయల్దేరతా ఉంటారు గదా. ఎందాకా అని పెట్టుకో.”

‘ఎందాకా?’ అనే పెట్టుకున్నాము. జవాబు ‘అంగడి దాకా.’

ఆ సాయంత్రం మా అమ్మ మమ్మల్ని పెరట్లోకి పిలిచి చెప్పింది. అత్త మొగుడు, అంటే మా మామ, చిత్తూరు మామిడికాయల మండీలో పని చేసేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒక పొద్దన్నే లారీ వచ్చి ఆగితే ఆయన గబగబా గడప దిగినాడంట. అత్త చిన్నది, నిద్దర మొగంతో లేచొచ్చి ‘యాడికి పోతాండావు’ అని అడిగేసిందంట. ఎనక్కి వచ్చి నీళ్ళు తాగిపొమ్మని చెంబు తీసుకోని ఎనకాలే పోయిందంట. లారీ ఆయన హారన్ కొడతానే ఉండాడు. మామ నవ్వి, వచ్చినాక తాగతాలే అని ఎక్కేసినాడు. అంతే. తిరిగి రాలేదు. లారీ చేరింది, ఆయన చేరలేదు. నడమ టీ తాగడానికి ఆపినప్పుడు దిగినాడు, మళ్ళా ఎక్కలేదు అని లారీ ఆయన చెప్పినాడంట. వేలూరులో చూసినామన్నోళ్ళు ఉండారు, కంచిలో చూసినామన్నోళ్ళు ఉండారు. మనిషీ దొరకలేదు, పీనుగూ దొరకలేదు. అందుకే అత్త బొట్టు తీయలేదు, ఈ పొద్దుకీ.

అప్పట్నుంచీ ఆమె ఆ మాటని రోడ్డు మీద కనిపించినోళ్ళని కూడా అడగదు. మా అమ్మ చెప్పినాక నేను ఎనక్కి తిరిగి ఆలోచించుకుంటే, నిజమే. ఇంత వాగుడుకాయ, నన్ను ఒక్కసారి కూడా ‘యాడికి’ అని అడగలేదు. ‘ఎందాకా మే’ అనేదే.

తరవాత కొన్ని నెలలకి అత్తకి పక్షవాతం వచ్చింది. పొయ్యి కాడ సంగటి గెలుకుతా ఉండింది, తెడ్డు జారిపోయింది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకపోయినాము. పానం నిలబడింది. కాలు బాగయింది. కుడి చెయ్యి సగం బాగయింది. మాట మాత్రం పోయింది.

మనం చెప్పేదంతా ఆమెకి అర్థమైతాది. జవాబు కూడా లోపల ఉండాదని కళ్ళల్లో తెలస్తాది. నోరు తెరిస్తే ఏదో ఒక శబ్దం, అంతే. మా ఇల్లు ఎట్ల అయిపోయిందో నేను చెప్పలేను. టీవీ ఆమె ప్రశ్న వేస్తాది, ఎవురూ జవాబు చెప్పరు. మా నాయన టీవీ పెట్టడమే మానేసినాడు.

నా డిగ్రీ పట్టా అప్పుడే చేతికొచ్చింది. తీసుకపోయి ఆమె ఒళ్ళో పెట్టినా. దాని మీద చెయ్యి పెట్టి, నన్ను చూసి, ఏదో చెప్పాలని నోరు తెరిచింది. రాలేదు. మళ్ళా తెరిచింది. రాలేదు. ఎడం చేత్తో తన నోటి మీద తనే కొట్టుకునింది. నేను ఆ చెయ్యి పట్టుకోని ఏడ్చేసినా. అంత చదువు చదివి, మాటలు నేర్పించే యాప్ చేసి, మా అత్తకి ఒక్క మాట తెప్పించలేకపోతినే అనిపించింది.

ఆసుపత్రిలో మాట తెప్పించే మేడమ్ ఒకామె ఉండాది. రోజూ చిన్న చిన్న మాటలు పలికించమని, ఇంట్లో వాడే మాటలే పలికించమని చెప్పింది. అప్పుడు నాకు తట్టింది. మా యాప్ చేసేదీ అదే గదా. తెలుగు రానోళ్ళకి తెలుగు తెప్పిస్తాది. అత్తకి తెలుగు వచ్చు, బయటికి రావడం లేదు. ఆమె గొంతుతోనే ఆమెకి నేర్పిస్తే?

మా నాయన వద్దే వద్దన్నాడు. తన పాత గొంతు తను వింటే అక్క తట్టుకోలేదన్నాడు. నిజమే, మొదటి పొద్దు విన్నప్పుడు అత్త ఫోను తోసేసి గోడ పక్కకి తిరిగి పడుకునింది. మరుసటి పొద్దు ఆమే చేత్తో సైగ చేసి ఫోను తెమ్మనింది.

అప్పట్నుంచీ రోజూ మధ్యాన్నం అన్నాలయినాక కూసునేవాళ్ళం. ఫోన్లో పాత అత్త మాట్లాడతాది, మంచం మీద అత్త నోరు కదిలిస్తాది. శబ్దం వస్తాది, మాట రాదు. ఫోను ‘ఏమీ? మళ్ళా చెప్పు’ అంటాది. మళ్ళా శబ్దం. వారాలు అట్లనే పోయినాయి. చానా పొద్దులైపోయింది, ఇంక ఎంత వస్తాదో చెప్పలేము, ఆశ పెట్టుకోండి గానీ ఎక్కువ పెట్టుకోవద్దని మేడమ్ మెత్తగా చెప్పింది. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

ఇప్పుడు చెప్పేది జరిగింది ఒక ఆదివారం మధ్యాన్నం. బయట ఎండ మండతా ఉండింది.

ఫ్యాక్టరీ వాళ్ళు యాప్ చూస్తామన్నారని చెప్పడానికి గిరి వచ్చి ఉండినాడు. మా నాయన వరి కయ్య కాడికి పోయినాడు. అమ్మ ఎనక పెరట్లో అంట్లు తోమతా ఉండింది. అత్త మంచం మీద దిండు ఆనుకోని కూసోని ఉండింది. నేను మంచం పక్కన నేల మీద కూసోని, ఆమె కాలి మీద చెయ్యి పెట్టుకోని ఉండినా. గిరి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో. ఫోను దిండు పక్కన. వాకిలి తలుపు తీసే ఉండాది, వాకిట్లో ఎవురూ లేరు.

బయటికి పోయే పాఠం వచ్చింది. స్క్రీను మీద ‘ఎందాకా?’ అని అక్షరాలు కనిపించినాయి. అది నేను నా కళ్ళతో చూసినా.

వినిపించింది మాత్రం వేరే. “యాడికి పోతాండావు, ఇంత పొద్దన్నే?”

అత్త గొంతే. దాంట్లో నాకు అనుమానం లేదు. అయితే బస్తాల నడమ కూసోని చెప్పిన గొంతు కాదది. లేత గొంతు. నిద్దర ఇంకా పూర్తిగా పోని గొంతు. నేను గిరి పక్క చూసినా. గిరి నా పక్క చూసినాడు. వాడు అత్తకి తెలీకుండా ఏదో చేసినాడేమో అని నాకు కోపం కూడా వచ్చింది.

మేము నోరు తెరిచేలోపల అత్త మాట్లాడింది.

“యాడికీ పోలే. ఈడనే ఉండా.”

ఒక్కో మాట విడివిడిగా, నీళ్ళల్లోంచి రాయి పైకి తీసినట్ల వచ్చింది. అయినా మాటే. నెలల తరవాత మా ఇంట్లో ఆమె మాట. ఆమె కాలు గట్టిగా పట్టుకున్నా. అది బయమో సంతోషమో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

యాప్‌కి ఇవన్నీ ఏం తెలుసు? దానికి కావల్సిన జవాబు ‘అంగడి దాకా.’ అది రాలేదు కాబట్టి, ఎప్పటి మాదిరే, బస్తాల నడమ చెప్పిన మామూలు గొంతుతో, “ఏమీ? మళ్ళా చెప్పు” అనింది.

అత్తకి చిరాకు వచ్చింది. “ఈడనే ఉండానంటే” అనింది, ఇంకా గట్టిగా.

ఆ రెండో మాట పెరట్లో ఉండే అమ్మకి వినిపించింది. చేతులకి బూడిదతోనే పరిగెత్తుకోని వచ్చింది. నేను అప్పటికే ఏడస్తా ఉండినా. గిరి లేచి నిలబడుకోని, మళ్ళా కూసోని, మళ్ళా లేచినాడు. ఆ గంట మాకు యాప్ సంగతి గుర్తు కూడా రాలేదు.

సాయంత్రం మా నాయన కయ్య కాడ్నుంచి వచ్చినాడు. మేము ఏమీ చెప్పలేదు. అత్త ఆయన్ని చూసి “అన్నం తిన్న్యావా” అని అడిగింది. కొంచెం కొంచెం తొక్కి పలికింది, అయినా అర్థమయింది. మా నాయన పార కింద పెట్టి, కాళ్ళు కడుక్కోకుండా, అట్లనే కింద కూలబడి మొగం తుండుగుడ్డతో మూసుకున్నాడు. ఆయన ఏడ్చేది నేను చూసింది అదే మొదలు.

ఇంక మా ఇద్దరి పిచ్చి మొదలయింది. నేనూ గిరీ ఆ ఫోను పట్టుకోని కూసున్నాము. ఆ పాఠం ఎన్నిసార్లు పెట్టినా ‘ఎందాకా?’ అనే అంటాది. ఫోన్లో ఉండే ముక్కలన్నీ ఒకటొకటిగా విన్నాము. ఆ మాట లేదు. మైకులో పట్టిన అసలు రికార్డింగులన్నీ, అత్త దగ్గేది, నవ్వేది, మమ్మల్ని తిట్టేది అన్నీ విన్నాము. గిరితో వాదించేటప్పుడు కూడా ఆమె ‘ఆ మాట’ అనే అనింది గానీ ఆ మాట నోటితో అనలేదు.

నేను గిరిని అడిగేసినా, నువ్వు యాడైనా మిషను గొంతు తయారుచేయించినావా అని. వాడు చానా నొచ్చుకున్నాడు. “మీ అత్త వద్దన్న మాట ఆమె చేతనే అనిపిస్తానా హేమా? నన్ను అంత తక్కువగా చూసినావా?” అన్నాడు. నేను క్షమించమన్నా. వాడు అట్లాంటోడు కాదు. పైగా ఫోను నాది, ఆ వారమంతా నా చేతిలోనే ఉండింది.

ఇంకో సంగతి. గొంతు లేతగా ఉండిందని నేనంటా. వాడు లేదంటాడు. రికార్డింగులో గొంతు మాదిరే ఉండిందంటాడు. ఒకే రూములో, ఒకే ఫోను, ఇద్దరమూ విన్నాము. ప్రశ్న విన్నాము అనే కాడ మాత్రం ఇద్దరికీ తేడా లేదు.

అత్త జవాబు మాత్రం ఉండాది. నేర్చుకునేవాళ్ళు చెప్పేది యాప్ దాచిపెడతాది. యాప్ మాట్లాడేటప్పుడు మైకు మూసుకోని ఉంటాది, వాళ్ళు జవాబు చెప్పేటప్పుడే తెరుచుకుంటాది. అందుకని ప్రశ్న దాంట్లో పడలేదు. ‘యాడికీ పోలే, ఈడనే ఉండా’ మాత్రం ఉండాది. ఇప్పటికీ నా ఫోన్లో ఉండాది. ప్రశ్న లేకుండా ఎవురైనా అట్ల చెప్తారా?

ఆసుపత్రి మేడమ్‌కి అది వినిపించినా. ఆమె చానా సంతోషపడింది. ఇట్ల జరగతాదంట. ఎన్ని మాటలు పలికించినా రానోళ్ళకి, మనసులో బాగా లోతుగా ఉండేది ఏదైనా కదిలితే, ఒక్కసారిగా మాట పైకి వచ్చేస్తాదంట. తరవాత అదే దారిన మిగతావీ వస్తాయంట. నాకు నిమ్మళమయింది. ఇంజినీరుని గదా, కారణం చెప్తే చాలు నాకు.

అయితే ఆ కదిలించిన ప్రశ్న యాడ్నుంచి వచ్చింది మేడమ్ అని అడిగినా. ఆమె నవ్వి, “జవాబు సంగతి నేను చెప్పినా. ప్రశ్న సంగతి మీ మిషన్లో మీరే వెతుక్కోవాలమ్మా” అనింది.

వెతికినా. ఇంకా వెతకతానే ఉండా. గిరి వద్దంటాడు. యాప్ బాగా నడస్తాండాది, ఫ్యాక్టరీ వాళ్ళూ పెట్టిస్తామన్నారు, ఎవురి ఫోన్లోనూ ఇట్లాంటిది రాలేదు, వదిలెయ్ అంటాడు. వాడు చెప్పేదీ నిజమే.

మేడమ్ చెప్పినట్లనే అత్తకి మాటలు ఒకటొకటిగా వచ్చేసినాయి. మొదట ఇంట్లో వాళ్ళ పేర్లు, తరవాత తిట్లు, తరవాత మిగతాదంతా. నా పట్టా సంగతి కూడా గుర్తు పెట్టుకోని, “ఆ పొద్దు చెప్పలేకపోతి. మా ఇంట్లో నువ్వే పెద్ద చదువు” అనింది. ఆ ఒక్క మాట కోసం నేను ఇంకో డిగ్రీ అయినా చదవతా. టీవీ మళ్ళా పెట్టినాము. వార్తలామెకి జవాబులు అందతా ఉండాయి. కొన్ని మాటలు ఇంకా తడబడతాయి, తడబడితే ఆమె కోపం ఆమెకే నవ్వు తెప్పిస్తాది.

ఇన్నాళ్ళూ ఆమెని ఆ మధ్యాన్నం గురించి అడగలేదు. మామ సంగతి పైకి తీసినట్ల అయితాదని బయం. మొన్న ఫ్యాక్టరీ కాయితం వచ్చిన సంతోషంలో ధైర్యం వచ్చి అడిగేసినా. అత్త వాకిట్లో నీడన కూసోని చింతపండు గింజలు తీస్తా ఉండింది. నేను చాట పట్టుకోని పక్కన కూసున్నా.

“అత్తా, నీకు మాట వచ్చిన పొద్దు, ఎవురికి జవాబు చెప్పినావు?”

“నీకే.”

“నేనేమీ అడగలేదే.”

“అడిగితివి గదమే. గడపలో నిలబడుకోని అడిగితివి. ఎనకాల ఎండ ఉండి మొగం సరిగ్గా కనపడలే.”

ఫోన్లో నీ గొంతు వినిపించలేదా అని అడిగినా. ఫోను అప్పుడు ఏమీ అనలేదనింది. నేను నేల మీద నీ మంచం పక్కనే ఉండినా, నీ కాలి మీద నా చెయ్యి ఉండింది గదత్తా, గిరి కుర్చీలో ఉండినాడు, అమ్మ ఎనక పెరట్లో ఉండింది, గడపలో ఎవురూ లేరు అని చెప్పినా.

అత్త చేతిలో చింతపండు విప్పి గింజ తీసి పక్కన వేసింది.

“అవును. నీ చెయ్యి నా కాలి మీద ఉండింది. అది గుర్తుండాది” అనింది. తరవాత నన్ను చూసి, “మరి గడపలో ఉండింది ఎవురే?” అని అడిగింది.

బయపడి అడగలేదు. పక్కింటికి చుట్టాలు ఎవురొచ్చినారని అడిగినట్ల అడిగింది. ఫోన్లో విన్న మా ఇద్దరి మాట నిజమా, గడపలో చూసిన ఆమె మాట నిజమా, రెండూనా, రెండూ కాదా, ఇది రాస్తా ఉన్నప్పటికీ నాకు తేలలేదు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనూ నవ్విందాన్నే.

అత్త ఇంకో చింతపండు చేతిలోకి తీసుకునింది. “సరేలే, ఆ చాట ఇట్ల జరుపు” అని, పక్కింటామె కోడలు పుట్టింటికి పోయి ఇంకా రాని కత మొదలుపెట్టింది. నేను చాట జరిపి, వింటా కూసున్నా.